పిల్లల ప్రశ్నకు పీరియడ్ ఏది?

ఇంద్రధనుస్సు ఎలా ఏర్పడుతుందో రాయమంటే మన గైడ్లు, నోట్సులు చాలామటుకు ఒకే జవాబు రాయిస్తాయి. సూర్యకిరణం వాన చినుకులోకి వెళ్లేటప్పుడు వక్రీభవనం చెంది రంగులుగా విడిపోతుంది, వెనక గోడ దగ్గర సంపూర్ణాంతర పరావర్తనం చెందుతుంది, బయటికి వస్తూ మరోసారి వక్రీభవనం చెందుతుంది. బొమ్మ గీసి, కోణం దగ్గర 42 డిగ్రీలు అని వేస్తే పూర్తి మార్కులు. ఈ పాఠం వింటున్న పిల్లల్లో ఒకరు లేచి, ‘సార్, వెనక గోడ దగ్గర కాంతి అసలు బయటికి పోలేదన్నారు, మరి ముందు గోడ దగ్గర ఎలా పోయింది? అక్కడా ఇక్కడా అవే నీళ్లు, అదే గాలి కదా’ అని అడిగారనుకుందాం. మామూలుగా వచ్చే సమాధానం ‘పరీక్షలో అది అడగరు, కూర్చో’. కానీ ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. తప్పు జవాబులో ఉంది. చినుకు వెనక గోడ దగ్గర జరిగేది సంపూర్ణాంతర పరావర్తనం కాదు.

ఇది తేల్చుకోవడానికి తొమ్మిదో తరగతి జ్యామితి చాలు. చినుకును వృత్తంగా గీయండి. కిరణం లోపలికి దిగిన బిందువు నుంచి వెనక గోడను తాకిన బిందువు దాకా ఉన్న దారి ఆ వృత్తానికి ఒక జ్యా. ఆ రెండు బిందువులకూ కేంద్రం నుంచి వ్యాసార్థాలు గీస్తే సమద్విబాహు త్రిభుజం వస్తుంది, కాబట్టి రెండు కోణాలూ సమానం. అంటే కిరణం లోపలికి వచ్చేటప్పుడు ఎంత వక్రీభవన కోణం చేసిందో, వెనక గోడ మీద అంతే కోణంతో పడుతుంది. లోపలి కిరణం సందిగ్ధ కోణాన్ని దాటి గోడ మీద పడితేనే సంపూర్ణాంతర పరావర్తనం జరుగుతుంది. గాలి నుంచి నీళ్లలోకి దిగే కిరణం వక్రీభవన కోణం ఎన్నటికీ ఆ సందిగ్ధ కోణాన్ని దాటదు. నీటికి ఆ సందిగ్ధ కోణం దాదాపు 48.6 డిగ్రీలు. ఇంద్రధనుస్సును చూపించే కిరణాలు చినుకు మీద సుమారు 59 డిగ్రీలతో పడి, లోపల 40 డిగ్రీలకు వంగుతాయి. 40 అనేది 48.6 కంటే తక్కువ. కాబట్టి వెనక గోడ దగ్గర కాంతిలో చాలా భాగం బయటికే పోతుంది. వెనక్కి తిరిగేది నూటికి ఆరు వంతుల లోపే. ఆ ఆరు వంతులే మనకు కనిపించే విల్లు. ఒకవేళ అక్కడ నిజంగా సంపూర్ణ పరావర్తనమే జరిగి ఉంటే, ముందు గోడ దగ్గరా అదే కోణం కాబట్టి అక్కడా జరిగేది, ఆ కాంతి చినుకులోనే తిరుగుతూ ఉండిపోయేది, ఆకాశంలో ఏ విల్లూ ఉండేది కాదు. లేచి అడిగిన పిల్లో పిల్లాడో పట్టుకున్నది సరిగ్గా ఈ వైరుధ్యాన్నే.

నమ్మకం కుదరకపోతే చూడవచ్చు కూడా. ఏ బడి ప్రయోగశాలలోనైనా గుండ్రటి అడుగున్న గాజు ఫ్లాస్కు ఒకటి ఉంటుంది. దాన్ని నీళ్లతో నింపి, తెల్ల అట్టకు రంధ్రం చేసి, ఆ రంధ్రంలోంచి ఎండ ఫ్లాస్కు మీద పడేలా పెడితే, అట్ట మీదికే రంగుల వలయం తిరిగి వస్తుంది. ఫ్లాస్కు వెనక చెయ్యి పెడితే కళ్లు చెదిరే వెలుగు చేతి మీద పడుతుంది, అంటే వెనక గోడ నుంచి కాంతి బయటికి పోతూనే ఉందన్నమాట. పద్నాలుగో శతాబ్దం తొలి ఏళ్లలో పర్షియాలో కమాలుద్దీన్ ఫారిసీ, జర్మనీలో థియోడొరిక్ ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే నీళ్లు నింపిన గాజు గోళంతో ఇంద్రధనుస్సు గుట్టు విప్పింది దాదాపు ఇలాగే. ఆ 42 డిగ్రీల లెక్కను 1637లో డెకార్త్ అచ్చువేశాడు. ఏడువందల ఏళ్ల కిందట గాజు బుడ్డి పట్టుకుని తేల్చిన విషయాన్ని ఇవాళ మన పిల్లలు తప్పుగా బట్టీపట్టి మార్కులు తెచ్చుకుంటున్నారు. ఆ తప్పును బయటపెట్టగలిగింది ఇన్‌స్పెక్షన్ కాదు, మూల్యాంకనం కాదు, బెంచీలోంచి లేచిన ప్రశ్న ఒక్కటే. అందుకే నా వాదన ఇది: విద్యార్థి అడిగే ‘ఎందుకు’ను పాఠానికి అడ్డంకిగా చూడటం మానాలి. పాఠం సరిగా ఉందో లేదో చూసే పరీక్ష అదే. దానికి టైమ్‌టేబుల్లో చోటు, ఉపాధ్యాయుడికి అండ, పిల్లలకు భయం లేని వాతావరణం కల్పించాలి.

‘డౌట్ సెషన్లు ఉన్నాయి కదా’ అని కార్పొరేట్ కాలేజీల వైపు నుంచి వెంటనే మాట వస్తుంది. ఉన్నాయి. స్టడీ అవర్లో లెక్చరర్ కూర్చుంటారు, పిల్లలు మెటీరియల్ పట్టుకుని వరస కడతారు. కానీ అక్కడ అడిగేది ‘ఈ లెక్కకు ఆప్షన్ మూడు ఎలా వచ్చింది’ అని. చెప్పేది షార్ట్‌కట్. ఈఏపీసెట్ ఇంజినీరింగ్ పేపరులో 180 నిమిషాలకు 160 ప్రశ్నలు, వాటిలో ఫిజిక్స్‌వి 40. ఒక్కోదానికి సుమారు 67 సెకన్లు. ఆ 67 సెకన్ల కోసం రెండేళ్లు సాధన చేసే చోట చినుకు వెనక గోడ గురించి ఆలోచించడం నష్టపు బేరమే. దీనికి లెక్చరర్లనో పిల్లలనో తప్పుపట్టలేం, పోటీ అలా ఉంది. కాకపోతే ఆ రెండేళ్ల పద్ధతి ఇప్పుడు ఆరో తరగతి దాకా దిగింది. ఐఐటీ ఫౌండేషన్ పేరుతో పదకొండేళ్ల పిల్లల చేత కూడా ఆప్షన్లు దిద్దిస్తున్నారు. ప్రశ్న అడిగే వయసులోనే జవాబు గుర్తించడం నేర్పిస్తే, ఆ తర్వాత ఎమ్మెస్సీలో చేరినా ఆ పిల్లలు నోరు విప్పరు.

కాంతి పాఠాన్నే ఉదాహరణగా తీసుకోవడానికి కారణం ఉంది. విద్యుత్తు, అయస్కాంతత్వం కంటికి కనిపించవు, కాంతి కనిపిస్తుంది. పిల్లల దగ్గర అద్దం ఉంటుంది, నీళ్ల గ్లాసు ఉంటుంది, ఎండ ఉంటుంది, ఈమధ్య లేజర్ కూడా ఉంటోంది. కాబట్టి పుస్తకంలో రాసినదానికీ కళ్లు చూసినదానికీ తేడా వచ్చేది ముందు ఇక్కడే. అద్దం కుడిఎడమలను మారుస్తుంది సరే, తలకిందులుగా ఎందుకు చూపించదు? తక్కువ తరంగదైర్ఘ్యం ఎక్కువగా పరిక్షేపణం చెందుతుందంటే ఆకాశం ఊదారంగులో ఉండాలి కదా, నీలంగా ఎందుకుంది? ఇవి ఆకతాయి ప్రశ్నలు కావు. మొదటిదానికి జవాబు, అద్దం నిజానికి కుడిఎడమలను మార్చదు, ముందువెనకలను మారుస్తుంది, కుడిచెయ్యి కుడివైపునే ఉంటుంది అని. రెండోదానికి జవాబు సూర్యకాంతిలో సగం, మన కంట్లో సగం: సూర్యకాంతిలోనే ఊదా తక్కువ, దాన్ని పట్టుకోవడంలో మన కన్నూ మందం. ఈ జవాబులు చెబితే భౌతికశాస్త్రం పక్కన జీవశాస్త్రం కూడా తరగతిలోకి వచ్చి కూర్చుంటుంది.

సి.వి. రామన్ కథ ఏటా ఫిబ్రవరి 28న ప్రతి బడిలో చెబుతారు. ఓడలో వెళ్తూ సముద్రం నీలంగా ఎందుకుందని ఆశ్చర్యపోయాడని, నోబెల్ వచ్చిందని. ఆశ్చర్యం సరే, ఆ తర్వాత ఆయన ఏం చేశాడన్నది ఉపన్యాసాల్లో జారిపోతుంది. సముద్రపు నీలిరంగు ఆకాశానికి ప్రతిబింబమేనని అప్పటికి లార్డ్ రేలీ చెప్పిన మాట చలామణిలో ఉంది. రేలీ సామాన్యుడు కాడు, 1904లోనే నోబెల్ అందుకున్నవాడు, ఆకాశం నీలంగా ఎందుకుందో లెక్కకట్టి చెప్పినవాడు. 1921లో ఇంగ్లండ్ నుంచి తిరిగివస్తూ రామన్ ఓడ డెక్కు మీద చేతిలో ఇమిడే నికోల్ పట్టకాన్ని కంటికి పెట్టుకుని సముద్రాన్ని చూశాడు. తగిన కోణంలో నీటి మీద ప్రతిఫలించే కాంతి ధ్రువణం చెంది ఉంటుంది, పట్టకాన్ని తిప్పి దాన్ని ఆపేయవచ్చు. ఆకాశపు ప్రతిబింబాన్ని అలా ఆపేశాక కూడా నీలం పోలేదు. అంటే నీళ్లే కాంతిని చెదరగొడుతున్నాయి. బొంబాయి రేవు చేరుతూనే ‘నేచర్’ పత్రికకు ఉత్తరం రాశాడు. ఏడేళ్లకు, 1928 ఫిబ్రవరి 28న, రామన్ ఫలితం దగ్గర తేలాడు. విశాఖపట్నంలో బాల్యం గడిచి, అక్కడే బడికి వెళ్లిన పిల్లవాడు పెద్దయ్యాక చేసిన పని ఏమిటంటే, పెద్ద పేరున్న జవాబును అరచేతిలో పట్టే పరికరంతో సరిచూడటం. ఆయన పేరున జరిపే రోజున పిల్లల చేత ప్రసంగాలు బట్టీపట్టించడం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు.

పిల్లల ప్రశ్నకు జవాబు చెప్పకపోతే వచ్చే నష్టం మార్కులతో పోయేది కాదని లేజర్ చూపిస్తుంది. లేజర్ పాఠంలో మనం రాయించేది నాలుగు లక్షణాలు: ఏకవర్ణం, సంబద్ధత, దిశాత్మకత, తీవ్రత. ప్రేరేపిత ఉద్గారం ఊహ 1917 నాటి ఐన్‌స్టీన్‌ది, తొలి లేజర్ 1960 మే 16న థియోడర్ మైమన్ కెంపు స్ఫటికంతో వెలిగించినది. ఇవన్నీ తెలియాల్సినవే. కానీ సంతలో వంద రూపాయలకు దొరికే ఆకుపచ్చ లేజర్ జేబులో వేసుకున్న పిల్లవాడు అడిగేది వేరు: ‘ఇది సూర్యుడి కంటే ఎక్కువా సార్? ఒక్క మిల్లీవాట్ అని రాసుంది, బల్బు తొమ్మిది వాట్లు. దీంతో కన్ను పోతుందంటారేంటి?’ ఇంతకంటే మంచి ప్రశ్న ఆ చాప్టర్లో ఏ పరీక్షాధికారీ వేయలేడు. దీనికి పదో తరగతి పాఠం మీదే జవాబు కట్టవచ్చు. మిట్టమధ్యాహ్నపు ఎండ చదరపు మీటరుకు సుమారు వెయ్యి వాట్లు, అంటే చదరపు మిల్లీమీటరుకు ఒక మిల్లీవాట్. ఎండలో కనుపాప రెండు మిల్లీమీటర్లకు కుంచించుకుంటుంది, దాని వైశాల్యం మూడు చదరపు మిల్లీమీటర్లు. అంటే సూర్యుణ్ని నేరుగా చూస్తే కంట్లోకి వెళ్లేది మూడు మిల్లీవాట్లు. లేజర్‌ది ఒక్కటే. ఇక్కడిదాకా పిల్లవాడిదే గెలుపు. కానీ సూర్యుడు ఆకాశంలో అర డిగ్రీ వెడల్పున కనిపిస్తాడు, రెటీనా మీద అతని బింబం దాదాపు 0.15 మిల్లీమీటర్ల చుక్క. లేజర్ కిరణాలు ఇంచుమించు సమాంతరంగా వస్తాయి కాబట్టి కంటి కటకం వాటిని 0.02 మిల్లీమీటర్ల చుక్కగా కుదించగలదు. వ్యాసంలో ఏడున్నర రెట్లు తేడా, వైశాల్యంలో యాభై ఆరు రెట్లు. దాన్ని మూడుతో భాగిస్తే, ఆ చిన్న చోట పడే తీవ్రత సూర్యుడిదానికి సుమారు ఇరవై రెట్లు. బల్బు తొమ్మిది వాట్లనూ గది నిండా వెదజల్లుతుంది, కంటికి చేరేది అణుమాత్రం.

ఈ లెక్క ఒక్కసారి బోర్డు మీద కట్టిన పిల్లలు తీవ్రత అంటే ఏమిటో మళ్లీ మర్చిపోరు. లేజర్‌ను స్నేహితుడి ముఖం మీద తిప్పరు కూడా. దాని వెంటే ఇంకో సంగతి చెప్పవచ్చు. ఒక మిల్లీవాట్ హద్దు పెట్టింది, వెలుగు పడగానే పావు సెకనులో రెప్ప వాలుతుందన్న లెక్క మీద. చవక ఆకుపచ్చ లేజర్లలో చాలావాటి లోపల పుట్టేది ఆకుపచ్చ కాంతి కాదు, కంటికి కనిపించని పరారుణం. దాన్ని స్ఫటికాలతో ఆకుపచ్చగా మారుస్తారు. ఖర్చు తగ్గించడానికి లోపల వడపోత పెట్టకపోతే ఆ పరారుణం కూడా బయటికి వస్తుంది, కనిపించనిదానికి రెప్ప వాలదు. లేబుల్ మీద రాసిన మిల్లీవాట్లకూ లోపలున్నవాటికీ పొంతన ఉంటుందన్న హామీ కూడా లేదు. వినాయక నిమజ్జనం ఊరేగింపుల్లో డీజే బండ్ల మీంచి జనం కళ్లలోకి తిప్పే లేజర్ల శక్తి జేబు లేజర్ కంటే ఎంతో ఎక్కువ. ఊరేగింపు లేజర్లతో రెటీనా దెబ్బతిన్న యువకులను చూశామని మహారాష్ట్ర కంటి వైద్యులు కొన్నేళ్ల కిందటే హెచ్చరించారు. పోలీసు ఉత్తర్వులు, నిషేధాలు అవసరమే. అయితే ‘ప్రమాదం, వద్దు’ అని చెప్పించుకున్న కుర్రవాడికీ, ఎందుకు ప్రమాదమో తానే లెక్కకట్టుకున్న కుర్రవాడికీ బండి ఎక్కాక తేడా ఉంటుంది.

ఇప్పుడు అసలైన అభ్యంతరం. టీచర్‌కే జవాబు తెలియకపోతే? ఈ భయం వల్లనే చాలా తరగతుల్లో ప్రశ్నల నోరు మూతపడుతోందని ఒప్పుకోవాలి. పిల్లల ముందు తెలియదనడం పరువు తక్కువ అనే భావన మన దగ్గర గట్టిది. కానీ కాంతి విషయంలో తెలియకపోవడం కంటే తెలిసినట్టు చెప్పడమే ఎక్కువ చెరుపు చేసింది. ‘గాజులో కాంతి వేగం తగ్గి సెకనుకు రెండు లక్షల కిలోమీటర్లు అవుతుందన్నారు, బయటికి రాగానే మళ్లీ మూడు లక్షలు ఎలా అయింది, ఎవరు తోశారు?’ అనే ప్రశ్ననే చూడండి. డిగ్రీ స్థాయిలో కూడా దీనికి వినిపించే జవాబు, గాజులోని పరమాణువులు కాంతిని పీల్చుకుని కాసేపాగి వదులుతుంటాయి, ఆ ఆలస్యమే నెమ్మది అని. వినడానికి ముచ్చటగా ఉంటుంది, కానీ నిలవదు. పీల్చిన పరమాణువు తిరిగి అదే దిశలో వదలాలన్న నియమం లేదు. అన్ని దిశల్లోకీ వదిలితే కిటికీ అద్దం పాలలా తెల్లగా మసకబారాలి. పైగా పరమాణువులు కొన్ని ప్రత్యేకమైన రంగులనే పీల్చుకోగలవు, గాజు మాత్రం అన్ని రంగులనూ పోనిస్తుంది. సరైన మాట ఏమిటంటే, కాంతి తరంగం గాజులోని ఎలక్ట్రాన్లను ఊపుతుంది, ఊగే ఎలక్ట్రాన్లు తమ తరంగాలను వెలువరిస్తాయి, అసలు తరంగమూ ఇవీ కలిసిన మొత్తం తరంగపు శిఖరాలు మెల్లగా కదులుతాయి. గాజు దాటాక కలవడానికి ఎలక్ట్రాన్లు లేవు కాబట్టి పాత వేగమే. ఎవరూ తోయనక్కర్లేదు.

ఈ జవాబు పదో తరగతికి పూర్తిగా అందదు, నిజమే. కాబట్టి పదిలో ‘పౌనఃపున్యం మారదు, తరంగదైర్ఘ్యం తగ్గుతుంది, అందుకే వేగం తగ్గినట్టు, గాజు ఆ పని ఎలా చేస్తుందన్నది నువ్వు ఇంకా పైకి వెళ్లాక చూస్తావు’ అనాలి. ఇంటర్‌లో ఎలక్ట్రాన్ల ఊపు చెప్పాలి, డిగ్రీలో లెక్క చూపాలి. జవాబు సగం చెప్పడం తప్పు కాదు, సగాన్ని మొత్తమని నమ్మించడం తప్పు. ‘ఇంతవరకే నాకు తెలుసు, మిగతాది చూసి సోమవారం చెబుతాను’ అన్న మాస్టారు సోమవారం నిజంగా చెబితే పిల్లల్లో ఆయన పరువు పెరుగుతుందే గాని తగ్గదు. అందుకు ఆయనకు వెనక ఎవరో ఒకరు ఉండాలి. ఉపాధ్యాయ శిక్షణ సంస్థలైన డైట్లు ఉన్నాయి, పక్కన డిగ్రీ కాలేజీ ఉంది, విశ్వవిద్యాలయాల్లో భౌతికశాస్త్ర విభాగాలున్నాయి. బడి టీచర్ వాట్సాప్‌లో ప్రశ్న పంపితే వారంలో జవాబిచ్చే బాధ్యతను ఆ విభాగాలకు అప్పగించడం పెద్ద ఖర్చు కాదు.

ఇప్పుడన్నీ ఫోన్లోనే దొరుకుతున్నాయి, కృత్రిమ మేధను అడిగితే తెలుగులోనే చెబుతుంది, ఇంకా మాస్టారెందుకు అనేవారున్నారు. ఫోను ఉపకారమే, కాదనను. అయితే చినుకు సంగతిలో గైడ్లు చేసిన తప్పును నెట్ కూడా చాలాచోట్ల చేస్తుంది, గాజు సంగతిలో ఆ ముచ్చటైన తప్పు జవాబునే ముందు చూపిస్తుంది. ఏది నిలుస్తుందో తేల్చేది ఫ్లాస్కు, అట్టముక్క, సమద్విబాహు త్రిభుజం. వాటిని పిల్లల ముందు పెట్టే మనిషి కావాలి. ఇంకో చిక్కు, ఫోను అడిగినదానికే చెబుతుంది. అడగడం అలవాటు లేని పిల్లవాడు దాన్ని అడిగేది హోంవర్క్ జవాబే. అడగడానికి భాష కూడా కావాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ మీడియం విస్తరించింది. ఆ మంచిచెడ్డల జోలికి ఇక్కడ పోను. కానీ వాక్యం తప్పుపోతుందేమోనన్న బెరుకుతో ప్రశ్న మింగేసే పిల్లలు ఆ తరగతుల్లో ఉన్నారు. పుస్తకం ఏ భాషలో ఉన్నా ప్రశ్నను తెలుగులో అడగనివ్వాలి, తెలుగులోనే జవాబు చెప్పాలి. భౌతికశాస్త్రాన్ని తెలుగులో చెప్పలేమనేవారు మహీధర నళినీమోహన్ రాతలు తిరగేయాలి, ‘చెకుముకి’ పత్రిక పాత సంచికలు చూడాలి.

సిలబస్ పూర్తికాదన్న మాటలో నిజముంది. అరవైమంది ఉన్న తరగతిలో ప్రతి ప్రశ్నకూ ఆగితే మార్చికి పుస్తకం సగం కూడా కాదు. పాఠం తప్పించడానికే ప్రశ్నలు వేసే గడుగ్గాయిలూ ఉంటారు, వాళ్లను టీచర్లు ఇట్టే పసిగడతారు. అందుకే అడిగిన క్షణంలోనే చెప్పమనడం లేదు. ప్రశ్నను బోర్డు మూల రాసి పెట్టి, వారానికి ఒక్క పీరియడ్ వాటికే కేటాయించాలి. ఆ పీరియడ్ వృథా పోదు. చినుకు ప్రశ్నకు జవాబు చెబుతుంటే సందిగ్ధ కోణం, వక్రీభవన గుణకం, సంపూర్ణాంతర పరావర్తనానికి ఉండాల్సిన నిబంధనలు, ఈ మూడూ పునశ్చరణ అయిపోతాయి. లేజర్ ప్రశ్నతో కంటి కటకం, తీవ్రత, ప్రమాణాలు అయిపోతాయి. ఇవన్నీ పరీక్షలో వచ్చేవే. నిర్మాణాత్మక మూల్యాంకనంలో ప్రాజెక్టు పనికి ఇప్పుడు మార్కులు ఉన్నాయి, నెట్ సెంటర్లో ప్రింటు తీయించి అట్ట వేసిన ప్రాజెక్టులకు కూడా అవి పడుతున్నాయి. ఆ మార్కుల్లో కొన్నింటిని సొంతంగా ప్రశ్న వేసి, దాన్ని ప్రయోగంతోనో లెక్కతోనో సరిచూసిన విద్యార్థికి ఇవ్వమని విద్యాశాఖ ఒక సర్క్యులర్ పంపితే సరిపోతుంది. వారానికో పీరియడ్‌కు ఆ సర్క్యులర్ కూడా అక్కర్లేదు. ప్రధానోపాధ్యాయులారా, టైమ్‌టేబుల్ మీ చేతిలోనే ఉంది. వచ్చే సోమవారం నుంచి అందులో ఒక గడి మార్చండి.